సంతపేటలో మా లోకల్ ఫైబర్ నెట్: రష్యా జంట స్కేటర్లను చూడటానికి పనికొచ్చిందా?

నెట్ కనెక్షన్ గురించి ఎవరు రాసినా స్పీడు ఎంత, నెలకు ఎంత, చెడిపోతే ఎంతసేపట్లో వస్తారు అని రాస్తారు. అవి నేనూ రాస్తాను. కానీ నేను ఈ కనెక్షన్ పెట్టించింది ముఖ్యంగా ఒక్క పని కోసం. మంచు మీద ఆడమనిషి, మగమనిషి జంటగా చేసే ఫిగర్ స్కేటింగ్ చూడటానికి. అందులోనూ రష్యా జంటల కోసం. నెట్ బాగుందా లేదా అన్నది నేను ఆ ఆటతోనే కొలిచాను కాబట్టి రెండూ కలిపే చెప్తాను.

నాది నెల్లూరు సంతపేటలో లేడీస్ టైలరింగ్ షాపు. జాకెట్లు, పిల్లల గౌన్లు కుడతాం, పికో, ఫాల్ వేస్తాం. ఈ ఆట పిచ్చి నాకు మా నాన్న వల్ల పట్టింది. ఆయనకు రష్యా నుంచి నున్నటి కాగితం మీద అచ్చయిన రంగుల పత్రిక వచ్చేది. చదవడం అయ్యాక ఆ కాగితాలు మా నోటు పుస్తకాలకు అట్టలు. నా ఆరో తరగతి లెక్కల నోటు మీద జంట స్కేటర్ ఇరినా రోద్నినా బొమ్మ ఉండేది. ఆమె పది సార్లు ప్రపంచ చాంపియన్ అనీ, ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలనీ కింద రాసింది నాన్న చదివి చెప్పారు. 1972లో ఉలానోవ్‌తో, 1976లో, 1980లో జైత్సెవ్‌తో గెలిచిందామె. 1973లో బ్రాటిస్లావా ప్రపంచ పోటీల్లో మధ్యలో పాట ఆగిపోతే, ఆమె, జైత్సెవ్ ఇద్దరూ ఆగకుండా ఆ నిశ్శబ్దంలోనే ప్రోగ్రామ్ పూర్తి చేశారట. ఆ మాట వినిన నాటి నుంచి వాళ్లు ఎలా చేసుంటారో చూడాలని ఉండేది. చూడటానికి నాకు నలభై ఏళ్లు పట్టింది.

2025 మార్చి వరకూ ఫోన్‌లోనే చూసేదాన్ని. బోస్టన్‌లో ప్రపంచ పోటీలు జరిగినప్పుడు జంటల ఫైనల్ మనకు తెల్లవారుజామున వచ్చింది. జపాన్ జంట మియురా, కిహరా గెలిచారు. రెండో స్థానంలో ఉన్న జర్మనీ జంటకూ వాళ్లకూ ఒక్క మార్కు కూడా తేడా లేదు. అంత టెన్షన్‌లో నా రోజు డేటా అయిపోయింది. చివరి జంట మార్కులు పొద్దున షాపు తీశాక చూసుకున్నాను. ఆ వారమే పెద్దబ్బాయి పెళ్లికి దాచిన డబ్బులో నుంచి కాకుండా, షాపు మీద వచ్చిన ఉగాది కుట్టు డబ్బులతో నెట్ పెట్టించుకోవాలని అనుకున్నాను.

మా పేటలో కేబుల్ నడిపే వాళ్లే ఫైబర్ కూడా ఇస్తున్నారు. పేరు రాయను. నెలకు 499, దాని మీద పన్ను 18 శాతం, మొత్తం 589 రూపాయలు. మూడు నెలలకు ఒకేసారి కడితే బాక్సు ఊరికే ఇస్తామన్నారు, ఇచ్చారు. పొద్దున చెప్తే సాయంత్రానికి వచ్చి బిగించారు. గోడకు రంధ్రం వేసి, సిమెంటు పూసి, కింద పడిన దుమ్ము కూడా వాళ్లే ఊడ్చి వెళ్లారు. ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను, ఎందుకంటే మేడ మీద వాళ్లింట్లో వేరే వాళ్లు బిగిస్తే ఆ రంధ్రంలో నుంచి ఇప్పటికీ వాన నీళ్లు కారుతున్నాయి.

బొమ్మ నాణ్యత గురించి. మామూలు సినిమాకు ఏ నెట్ అయినా సరిపోతుంది. జంట స్కేటింగ్‌కు సరిపోదు. ట్రిపుల్ ట్విస్ట్ అని ఒకటుంది. అబ్బాయి అమ్మాయిని తల పైకి విసురుతాడు, ఆమె గాలిలో పడుకున్నట్టుండి మూడు చుట్లు తిరుగుతుంది, కింద పడేలోపు ఆమె నడుము దగ్గర పట్టుకోవాలి. చేతులు నడుముకు శుభ్రంగా దొరికాయా, లేక ఆమె అతని భుజం మీద వాలిపోయిందా అన్నదాన్ని బట్టి మార్కులు మారతాయి. జడ్జీలు ఒక్కో అంశానికి మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా వేస్తారు. ఇదంతా కన్ను మూసి తెరిచేంతలో అయిపోతుంది. ఫోన్‌లో బొమ్మ మసకబారితే అక్కడ తెల్లటి మచ్చ ఒకటి పైకి లేచి దిగినట్టు ఉంటుంది తప్ప ఏమీ తెలియదు. ఇప్పుడు 43 అంగుళాల టీవీలో 1080లో పెట్టి, ఒక్కో ఫ్రేమ్ ఆపుకుంటూ చూస్తున్నాను. ఎనిమిది నెలల్లో రాత్రి పదకొండు దాటాక బొమ్మ ఒక్కసారి కూడా మసకబారలేదు. సాయంత్రం ఏడు నుంచి పది మధ్య మాత్రం బాగోదు. పేటంతా అప్పుడే చూస్తారు కాబట్టి గుండ్రం తిరుగుతూ కూర్చుంటుంది. వాళ్లు చెప్పిన స్పీడు ఆ మూడు గంటలూ రాదు. అడిగితే "అందరికీ అంతేనక్కా" అన్నారు. అది జవాబు కాదు.

ఈ నెట్ వచ్చాక నేను మొట్టమొదట చూసింది 2022 బీజింగ్ ఒలింపిక్స్ జంటల పోటీ, మొదటి నుంచి చివరి దాకా. అంతకు ముందు ముక్కలు ముక్కలుగా చూశాను. పూర్తిగా చూశాక రెండు రోజులు నాకు అదే ఆలోచన. చైనా జంట సూయ్ వెన్‌జింగ్, హాన్ కాంగ్‌కు 239.88. రష్యా జంట తరాసోవా, మొరోజోవ్‌కు 239.25. మూడో స్థానంలో రష్యా నుంచే మిషినా, గాల్యామోవ్, 237.71. రెండో రోజు చేసే ఫ్రీ ప్రోగ్రామ్ ఒక్కటే తీసుకుంటే 155.47, 155.00, 154.95. ముగ్గురి మధ్య అర మార్కు చిల్లర. నాలుగో స్థానం కూడా రష్యాదే, బోయికోవా, కొజ్లోవ్‌స్కీ, 220.50. మొదటి నలుగురిలో ముగ్గురు ఒకే దేశం వాళ్లు. 1964 నుంచి 2006 దాకా వరసగా పన్నెండు ఒలింపిక్స్‌లో జంటల బంగారు పతకం సోవియట్ వాళ్లకో, వాళ్ల తర్వాత రష్యా వాళ్లకో వచ్చింది (2002లో కెనడాతో పంచుకున్నారు). 2014లో సోచిలో మళ్లీ వచ్చింది. ఆ లెక్క తెలిసిన వాళ్లకు బీజింగ్‌లో రష్యా ఓడిపోయినట్టు అనిపించొచ్చు. నాకలా అనిపించలేదు. ఆ రోజు మూడు జంటలూ తప్పు లేకుండా చేయాలని చేశాయి. అంత దగ్గరగా నడిచిన పోటీ నేను మరొకటి చూడలేదు.

ఆ ఫిబ్రవరి నెలాఖరుకే యుక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలైంది. 2022 మార్చి 1న అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య రష్యా, బెలారస్ స్కేటర్లను పోటీల్లోకి రానివ్వమని చెప్పింది. తరాసోవా, మొరోజోవ్ ఆ తర్వాత పోటీలకు దూరమయ్యారు. మిగిలిన రెండు జంటలూ 2025లోనూ చేస్తూనే ఉన్నాయి, వాళ్ల దేశంలోనే, వాళ్లలో వాళ్లు.

మిషినా, గాల్యామోవ్ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, నన్ను రాయనివ్వండి. 2019లో జూనియర్ ప్రపంచ చాంపియన్లు. 2021లో స్టాక్‌హోంలో సీనియర్ ప్రపంచ పోటీలకు మొదటిసారి వెళ్లి గెలిచారు. మొదటి రోజు చేసే షార్ట్ ప్రోగ్రామ్ అయ్యేసరికి మూడో స్థానం, 75.79. మొదటి స్థానంలో వాళ్ల కోచ్ దగ్గరే నేర్చుకునే బోయికోవా, కొజ్లోవ్‌స్కీ, 80.16. ఫ్రీలో వీళ్లు 151.80 తెచ్చుకుని పైకి వచ్చేశారు, వాళ్లు మూడుకు దిగారు. ఆ వీడియో నేను కనీసం ఇరవై సార్లు చూసి ఉంటాను. వాళ్లలో నాకు నచ్చేది వేగం తగ్గకపోవడం. చాలా జంటలు కష్టమైన లిఫ్ట్ ముందు, అంటే అమ్మాయిని పైకెత్తే ముందు, ఊపిరి తీసుకున్నట్టు నెమ్మదిస్తాయి, అక్కడే చూసేవాళ్లకు ఇప్పుడేదో రాబోతోందని తెలిసిపోతుంది. వీళ్లు నెమ్మదించరు. మా షాపులో ఇరవై ఏళ్లుగా మెషిన్ తొక్కుతున్న ఆవిడ మలుపు దగ్గర కూడా కాలు ఆపదు, కొత్తగా చేరిన పిల్ల ప్రతి మలుపు దగ్గరా ఆపుతుంది. ఆ తేడా.

బోయికోవా, కొజ్లోవ్‌స్కీ 2020లో గ్రాజ్‌లో యూరప్ చాంపియన్లు. వీళ్ల ఒంటి గీత అందంగా ఉంటుంది. చేతులు, మెడ, చూపు, అన్నీ కలిసి ఒక పక్కకే వెళ్తాయి. కానీ పెద్ద పోటీల్లో ఫ్రీ ప్రోగ్రామ్‌లో జారిపోయారు, స్టాక్‌హోంలోనూ బీజింగ్‌లోనూ అంతే. మంచి రోజున వీళ్లను చూస్తే వీళ్లే మొదటివాళ్లనిపిస్తుంది. కానీ రెండు రోజులూ కలిపి పందెం కట్టమంటే నేను మిషినా, గాల్యామోవ్ మీదే కడతాను.

రెండు జంటలకూ కోచ్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తమారా మాస్క్వినా. 1941లో పుట్టింది, అంటే 2025కి ఎనభై నాలుగేళ్లు. 1984, 1992, 1998, 2002, ఈ నాలుగు ఒలింపిక్స్ విజేత జంటలూ ఆమె శిష్యులే. ఆమె కూడా ఒకప్పుడు జంటగా స్కేట్ చేసి 1969లో ప్రపంచ పోటీల్లో రజతం తెచ్చుకుంది. ఆమెను వీడియోల్లో అంచు పక్కన నిలబడి చూస్తుంటే చూశాను, చిన్న మనిషి. పిల్లలు మార్కుల కోసం కూర్చున్నప్పుడు పక్కన కూర్చుని తల నిమరదు, వాళ్లతో పాటు తెర వైపు చూస్తూ లెక్క వేసుకుంటున్నట్టు ఉంటుంది. ఆ వయసులో ఆ శ్రద్ధ చూసినప్పుడల్లా నాకు మా అత్తగారు కళ్లజోడు పైకి నెట్టుకుని కాజాలు కుట్టడం గుర్తొస్తుంది.

ఇక 2026 ఫిబ్రవరి మిలాన్ శీతాకాల ఒలింపిక్స్ సంగతి. ఈ ఒలింపిక్స్‌కు రష్యా నుంచి ఒక్కో విభాగానికి ఒక్కరిని, దేశం పేరు లేకుండా, తటస్థ క్రీడాకారులుగా పరిశీలిస్తామన్నారు. సింగిల్స్‌లో ప్యోత్ర్ గుమెన్నిక్‌ను, అదేలియా పెత్రోస్యాన్‌ను ఒప్పుకున్నారు. 2025 సెప్టెంబరులో బీజింగ్‌లో జరిగిన అర్హత పోటీలో ఇద్దరూ తమ తమ విభాగాల్లో మొదటి స్థానం తెచ్చుకున్నారు. జంటల్లో రష్యా వాళ్లెవరినీ ఒప్పుకోలేదు. ఆ అర్హత పోటీలు ఈ నెట్ మీదే లైవ్ చూశాను, పగటి పూట, షాపులో చేతి కుట్టు చేసుకుంటూ. బీజింగ్ మనకంటే రెండున్నర గంటలు ముందు కాబట్టి మధ్యాహ్నం వస్తుంది, ఆ సమయంలో నెట్ గట్టిగా ఉంటుంది. జంటల పోటీ మొదలైనప్పుడు రష్యా వాళ్లు లేరని తెలిసి కూడా జాబితా చివరి దాకా చదివాను.

యుద్ధం తప్పు. దానికి దేశాన్ని దూరం పెట్టడం ఎందుకో నాకు అర్థమవుతుంది, యుక్రెయిన్ స్కేటర్లు ఇళ్లు వదిలి వేరే దేశాల్లో ప్రాక్టీసు చేసుకుంటున్నారని కూడా తెలుసు. నేను రాసేది దాని గురించి కాదు. ఈ జంటలు ఎంత దూరం వెళ్లగలవు అన్నదాని గురించి.

పెద్ద జంటల కంటే నాకు చిన్నవాళ్ల గురించే ఎక్కువ దిగులు. 2021 శరదృతువులో జూనియర్ గ్రాండ్ ప్రి అనే అంతర్జాతీయ పోటీలు యూట్యూబ్‌లో ఉచితంగా వచ్చాయి, ఇప్పటికీ వెతికితే దొరుకుతాయి. అక్కడ రష్యా జంటల్లో ఎకతెరినా చిక్మారెవా, మత్వేయ్ యాన్చెంకోవ్ ఉన్నారు. అనస్తాసియా ముఖోర్తోవా, ద్మిత్రి ఎవ్గెన్యెవ్ ఉన్నారు. అనస్తాసియా మెతెల్కినా అప్పుడు దానియిల్ పార్క్‌మన్‌తో ఉంది. ఆ ఏడాది జూనియర్ ఫైనల్ ఒసాకాలో జరగాల్సింది, కరోనా వల్ల రద్దయింది. తర్వాతి వసంతంలో జూనియర్ ప్రపంచ పోటీలకు రష్యా వాళ్లు వెళ్లనే లేదు. అంటే ఆ పిల్లలకు రెండు తలుపులూ ఒకే సీజన్‌లో మూసుకున్నాయి.

జంటల్లో ఇది సింగిల్స్ కంటే ఎక్కువ నష్టం. ఒంటరిగా చేసేవాళ్లు తమ జంప్‌లను తామే లెక్కపెట్టుకోవచ్చు. నాలుగు చుట్లు తిరిగితే తిరిగినట్టే. జంటలో మార్కులు చాలా వరకు ఇద్దరి కలయిక నుంచి వస్తాయి. పక్కపక్కన చేసే జంప్ ఒకే క్షణంలో లేచి ఒకే క్షణంలో దిగాలి, ఇద్దరూ పడితే రెండు మార్కులు పోతాయి. ఆ కలయిక కుదరడానికి ఏళ్లు పడుతుంది. కుదురుతున్న సమయంలో బయటి జడ్జీలు చూసి, ఇక్కడ చేయి ఆలస్యమైంది, ఇక్కడ లిఫ్ట్‌కు కష్టాన్ని బట్టి ఇచ్చే లెవెల్ రాలేదు అని చెప్పాలి. సొంత దేశపు పోటీల్లో వచ్చే మార్కులను నేను నమ్మను. ఏ దేశమైనా అంతే, సొంత పిల్లలకు చేయి ఉదారంగా ఉంటుంది. రష్యన్ వ్యాఖ్యానంతో ఉన్న వీడియోలు చూస్తూ, నా బిల్లు పుస్తకం వెనక పేజీల్లో నా లెక్క నేను రాసుకుంటున్నాను. ట్విస్ట్‌లో చేతులు దొరికిన తీరుకు ఒక గీత, అబ్బాయి విసిరితే అమ్మాయి చేసే జంప్ దిగినప్పుడు కాలు వణికితే ఒక చుక్క.

ఆ లెక్కలో చిక్మారెవా, యాన్చెంకోవ్‌కు బలం ఉంది, లిఫ్ట్‌లు తేలిగ్గా లేస్తాయి, కానీ మధ్యలో అడుగులు ఖాళీగా ఉంటాయి, అంశానికీ అంశానికీ మధ్య నడిచినట్టుంటుంది. ముఖోర్తోవా, ఎవ్గెన్యెవ్ అడుగులు బాగుంటాయి. వీళ్లకు ఒక్క పూర్తి సీజన్ బయట దొరికితే రెండో ఏడు నుంచి యూరప్‌లో మొదటి ఆరుగురిలో ఉంటారని నా నమ్మకం. ఇంకో నాలుగేళ్లు దొరక్కపోతే వయసు దాటుతుంది, ఇద్దరిలో ఒకరు మానేస్తారు, రెండోవాళ్లు కొత్త తోడును వెతుక్కుని మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు.

మెతెల్కినా సంగతి వేరు. ఆమె జార్జియా తరఫున లూకా బెరులావాతో జత కట్టింది. 2024లోనూ 2025లోనూ జూనియర్ ప్రపంచ చాంపియన్లు వాళ్లే, 2024లో యూరప్ సీనియర్ పోటీల్లో రజతం కూడా. బోస్టన్‌లో రజతం తెచ్చుకున్న జర్మనీ జంటలో నికితా వొలోదిన్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పెరిగినవాడే, మినెర్వా హాజేతో చేస్తున్నాడు. హంగరీ తరఫున చేసే పావ్లోవా, స్వ్యాచెంకో ఇద్దరూ రష్యాలో పుట్టినవాళ్లే. కాబట్టి రష్యాలో నేర్చిన జంట స్కేటింగ్ మిలాన్‌లో కనిపిస్తుంది, వేరే జెండాల కింద. మెతెల్కినా, బెరులావా పతకం తెస్తారని నేను అనుకుంటున్నాను. అతను విసిరిన జంప్ దిగాక ఆమె ఒంటి కాలి మీద ఎంతసేపు నిలుస్తుందో చూడండి.

మిషినా, గాల్యామోవ్ తిరిగి వస్తే? మొదటి సీజన్‌లోనే పతకాల వరసలో ఉంటారు, అందులో నాకు అనుమానం లేదు. 2025 చివరికి ఆమెకు ఇరవై నాలుగు, అతనికి ఇరవై ఆరు. జంటల్లో అది పెద్ద వయసు కాదు. 2024లో ప్రపంచ చాంపియన్ అయిన కెనడా జంటలో డియానా స్టెల్లాటో-డ్యూడెక్‌కు నలభై ఏళ్లు. బీజింగ్ విజేతలు సూయ్, హాన్ కూడా 2025లో తిరిగొచ్చారు. 2030 దాకా వీళ్లిద్దరూ ఒళ్లు కాపాడుకుంటే చాలు.

టైలర్‌ను కాబట్టి బట్టల గురించి నాలుగు మాటలు. ఈ టీవీలో కుట్టు కూడా కనిపిస్తోంది. అబ్బాయి చేయి పట్టే చోట, నడుము దగ్గర, తుంటి దగ్గర రాళ్లు అతికించరు. అతికిస్తే అరచేయి కోసుకుంటుంది, లేదా జారుతుంది. మెరుపంతా భుజాల మీదకు, వీపు పైకి పోతుంది. రాయో, ఈకో ఊడి మంచు మీద పడితే ఒక మార్కు కోస్తారు. అందుకని కుట్టు లోపల మరో వరస కుట్టు వేస్తారు. ఈ మధ్య ఒక డ్యాన్స్ స్కూలు పిల్లలకు కుట్టినప్పుడు నేనూ అలాగే నడుము దగ్గర సాదాగా వదిలి పైన వేశాను. ఒక్క చెమ్కీ కూడా రాలలేదు.

తిరిగి నెట్ సంగతికి వస్తే, పెద్ద లోపం వానల్లో బయటపడింది. మన నెల్లూరుకు అసలు వాన అక్టోబరు, నవంబరుల్లోనే కదా. ఒక రాత్రి గాలికి వేపకొమ్మ పడి వైరు తెగింది. బాక్సు మీద ఎర్ర లైటు. అప్పుడు గ్రాండ్ ప్రి పోటీలు నడుస్తున్నాయి. ఫోన్ చేస్తే "రేపు అక్కా" అన్నారు. రేపు మూడు రోజులైంది. మూడో రోజు సాయంత్రం వచ్చిన కుర్రాడు మాత్రం మంచివాడు. తడిచిన స్తంభం ఎక్కి, వైరు అతికించి, దిగి వచ్చి టీవీలో బొమ్మ వచ్చేదాకా నిలబడ్డాడు. వచ్చింది ఒక లిఫ్ట్ మధ్యలో.

"ఏందక్కా, ఆ పిల్లను ఒంటి చేత్తో ఎత్తేశాడే!" అన్నాడు.

"ఆ పిల్ల బరువు అతను మోయడం లేదు నాయనా, ఆమె కూడా తన్ను తాను పట్టుకుని ఉంది, చూడు కడుపు ఎలా బిగించిందో" అన్నాను.

టీ తాగి ఇంకో రెండు జంటలను చూసి వెళ్లాడు. ఆ మూడు రోజుల డబ్బు బిల్లులో తగ్గించమని అడిగాను. తగ్గిస్తామని తగ్గించలేదు. రెండో నెల మళ్లీ అడిగితే 50 రూపాయలు తగ్గించారు. అడగకపోతే తగ్గించరని తెలుసుకోండి. కరెంటు పోయినా నెట్ ఉండాలంటే బాక్సుకు చిన్న బ్యాటరీ బ్యాకప్ విడిగా కొనుక్కోవాలి, నేను కొన్నాను, రెండు గంటలు వస్తోంది.

ఐదుకు మూడున్నర ఇస్తాను. రాత్రి పూట చూసేవాళ్లు, పగలు ఇంట్లో ఉండి పని చేసుకునేవాళ్లు తీసుకోవచ్చు. సాయంత్రం పిల్లల ఆన్‌లైన్ ట్యూషన్ ఉన్నవాళ్లు ముందు పక్కింటి వాళ్లను అడిగి తీసుకోండి. వైరు చెట్టు కొమ్మల మధ్య నుంచి లాగుతుంటే ఒప్పుకోవద్దు, గోడ వెంట తెమ్మని నిలబడి చెప్పండి.

ఏడాది ప్యాక్ కడితే ఒక నెల ఫ్రీ అన్నారు. నేను మూడు నెలలకే కట్టాను. ఫిబ్రవరిలో మిలాన్, మార్చిలో ప్రాగ్‌లో ప్రపంచ పోటీలు అందులో వచ్చేస్తాయి. ఏప్రిల్‌లో ఎవరిని రానిస్తారో చూసి అప్పుడు కడతాను.